పక్షవాతం ఎక్సర్‌సైజు వీడియోలు: చూసి చేయించే ముందు ఏం చూసుకోవాలి

ఇంట్లో ఒకరికి కాలు చేయి పడిపోయి, దవాఖాన నుంచి డిశ్చార్జ్ అయి వచ్చారంటే చాలు, ఆ సాయంత్రం నుంచే ఫోన్‌లోకి వీడియోలు రావడం మొదలవుతుంది. పుణెలో మేస్త్రీ పని చేసే కొడుకు ఒకటి పంపుతాడు. ఎల్‌బీ నగర్‌లో ఉండే అల్లుడు ఇంకొకటి. చూసిపోదామని వచ్చిన చుట్టం ఫోన్ తీసి, 'గిది చూడుండ్రి, మా వదినోళ్ల నాయిన దీంతోనే లేచి నడిచిండు' అని మరొకటి. అందరూ మేలు కోరే పంపుతారు. కానీ ఒకదానికొకటి పొంతన ఉండదు.

వీడియోలు చూడొద్దని నేను అనను. మర్రిగూడ నుంచి నల్లగొండకో, అచ్చంపేట నుంచి మహబూబ్‌నగర్‌కో మనిషిని ఆటోలో ఎక్కించి వారానికి మూడుసార్లు తిప్పడం కూలి చేసుకునే ఇంటికి కుదిరే పని కాదు. ఇంటికొచ్చి చేయించే ఫిజియోథెరపిస్టు టౌన్లో దొరికినంత తేలిగ్గా పల్లెలో దొరకరు. కాబట్టి ఫోన్ చూడక తప్పదు. అయితే వీడియో మంచిదేనా అని చూసుకోవడంతో పని అయిపోదు. మీ ఇంట్లో మంచం మీదున్న ఆ మనిషికి, ఈ వారంలో అది పనికొస్తుందా అన్నది తేల్చుకోవాలి. ఒకరిని నిలబెట్టిన ఎక్సర్‌సైజే ఇంకొకరికి నెలల తరబడి భుజం నొప్పి తెచ్చిపెట్టొచ్చు.

ఇక్కడ చెప్పేదంతా డాక్టర్లు ఇంటికి పంపించాక చేసే పని గురించే. మూతి వంకరపోవడం, ఒక చేయి పట్టు తప్పడం, మాట తడబడటం ఇప్పుడే మొదలైతే ఏ వీడియో వెతకొద్దు. 108కి ఫోన్ చేయండి, మొదలైన టైమ్ గుర్తుపెట్టుకోండి. గడ్డకట్టిన రక్తాన్ని కరిగించే ఇంజెక్షన్‌ను సాధారణంగా నాలుగున్నర గంటల్లోపు వచ్చినవాళ్లకే ఇస్తారు. దవాఖానలో అడిగే మొదటి ప్రశ్న ఆ టైమే.

మొదట కాగితం, తర్వాత ఫోన్

యూట్యూబ్ తెరిచే ముందు డిశ్చార్జ్ సమ్మరీ దగ్గర పెట్టుకుని నోట్‌బుక్‌లో ఒక పేజీ రాయండి. ఇంగ్లీషులో ఉంటుంది కాబట్టి చదువుకునే పిల్లలను పక్కన కూర్చోబెట్టుకోండి. 'ఇన్‌ఫార్క్ట్' అనో 'ఇస్కీమిక్' అనో ఉంటే మెదడులో రక్తనాళం మూసుకుపోయి వచ్చిన పక్షవాతం. 'హెమరేజ్' అనో 'బ్లీడ్' అనో ఉంటే రక్తనాళం చిట్లి వచ్చింది. ఎక్కువమందికి వచ్చేది మొదటి రకం. ఎక్సర్‌సైజులు రెండింటికీ చాలావరకు ఒకటే, మందులు మాత్రం ఒకటి కావు. 'రక్తం పలచబడటానికి రోజూ ఇది వేసుకోండి' అని ఎవరో అందరికీ కలిపి చెప్పే సలహా, మెదడులో రక్తం కారిన మనిషికి ప్రాణం మీదికి రావొచ్చు. ఏ తేదీన వచ్చింది, ఏ వైపు పడింది, బీపీ, షుగర్, గుండె జబ్బు ఉన్నాయా, మింగడం గురించి ఏమైనా రాశారా, ఇవన్నీ ఆ పేజీలో ఎక్కించండి.

దాని కిందే, ఇప్పుడు మనిషిని చూసి రాయండి. మంచంలో తనంతట తాను పక్కకు తిరుగుతున్నారా? ఊతం లేకుండా మంచం అంచున కూర్చుని, మీరు పది లెక్కపెట్టే దాకా ఒరిగిపోకుండా ఉంటున్నారా? పట్టుకుంటే నిలబడుతున్నారా? పడిన చేతి వేళ్లు కొంచెమైనా తెరుచుకుంటున్నాయా? చెప్పింది అర్థమవుతోందా, ఊరికే తల ఊపుతున్నారా? పళ్లెంలో కుడివైపు అన్నం తిని ఎడమవైపు కూర అట్లాగే వదిలేస్తున్నారా?

ఆ చివరి ప్రశ్న ఇళ్లలో ఎవరికీ తట్టదు. మెదడు కుడి భాగం దెబ్బతిన్న కొందరికి తమ ఎడమ పక్కన ఏదైనా ఉందన్న ధ్యాసే ఉండదు. చూపు బాగానే ఉంటుంది, ధ్యాస మాత్రం అటు పోదు. అలాంటి మనిషిని నడిపిస్తే ఎడమ భుజం పోయి దర్వాజకు తగులుతుంది. నడక నేర్పే వీడియోల్లో ఈ సంగతి చెప్పేవాళ్లు తక్కువ. మీ పేజీలో ఉంటే మీరే గుర్తుపెట్టుకుంటారు.

మర్రిగూడ, నాంపల్లి, చండూరు, మునుగోడు వైపు వాళ్లు ఇంకో సంగతి చేర్చాలి. ఏళ్ల తరబడి ఫ్లోరైడ్ బోరు నీళ్లు తాగిన పెద్దవాళ్లలో చాలామందికి మెడ, నడుము, మోకాళ్లు ముందే బిగుసుకుపోయి ఉన్నాయి. వీడియోలో 'మోకాలిని ఛాతీ దాకా వంచండి' అంటారు. ఆ మోకాలు పక్షవాతానికి ముందే అంత వంగేది కాదు. కాబట్టి జబ్బుకు ముందు ఏ కీలు ఎంత కదిలేదో ఇంట్లోవాళ్లు గుర్తుచేసుకుని రాయాలి, అంతకు మించి వంచడానికి పోవద్దు. ఇంకొకటి, ఫ్లోరోసిస్ ముదిరి వెన్నుపాము మీద ఒత్తిడి పడితే రెండు కాళ్లలోనూ బలం తగ్గుతుంది. పక్షవాతం మామూలుగా ఒక వైపు కొడుతుంది. రెండు కాళ్లూ కలిసి పట్టు తప్పితే అది స్ట్రోకే అనుకుని వీడియోలు పెట్టుకోకుండా డాక్టరుకు చూపించండి.

వెతికే మాట మార్చండి

'పక్షవాతం తగ్గాలంటే' అని కొడితే పసరు మందులు, పావురం రక్తం, ఏడు రోజుల నూనె, అన్నీ వరుసగా వస్తాయి. ఉత్త 'స్ట్రోక్' అని కొడితే ఎండదెబ్బ, గుండెపోటు కూడా వచ్చి కలుస్తాయి. మన దగ్గర 'హార్ట్ స్ట్రోక్' అనే మాట కూడా వాడుకలో ఉంది మరి. మీరు ఏ పని నేర్పించాలనుకుంటున్నారో ఆ పని పేరుతో వెతకండి. 'బ్రెయిన్ స్ట్రోక్ పేషెంట్ మంచం మీద నుంచి లేవడం', 'బ్రెయిన్ స్ట్రోక్ భుజం జాగ్రత్తలు', 'స్ట్రోక్ సిట్ టు స్టాండ్' అని కొట్టి చూడండి, వచ్చే వీడియోల తీరే మారిపోతుంది. నోటితో చెప్పి వెతికినా పర్వాలేదు, పని పేరు మాత్రం ఉండాలి.

లక్షల వ్యూస్ చూసి మోసపోవద్దు. యూట్యూబ్‌లోని ఆరోగ్య వీడియోలను నిపుణులు కూర్చుని మార్కులు వేసినప్పుడు, ఎక్కువమంది చూసినదే మంచిది అని తేలకపోవడం చాలా పరిశోధనల్లో కనిపించింది. ఆటోప్లే ఆపేయండి. ఒక మంచి వీడియో అయిపోగానే దాని వెనకే ఇంకేదో మొదలవుతుంది, పెద్దవాళ్లు రెండూ ఒకరే చెప్పారనుకుంటారు.

మొదటి నిమిషంలో నాలుగు సంగతులు

రోగులకిచ్చే ఆరోగ్య సమాచారం నమ్మదగ్గదేనా అని తూచడానికి ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు 'డిసర్న్' అని ఒక ప్రశ్నల పట్టిక చేశారు. 1999లో వచ్చింది. 16 ప్రశ్నలు, ఒక్కోదానికి 1 నుంచి 5 దాకా మార్కులు. కరపత్రాల కోసం చేసినదే అయినా ఇప్పుడు వీడియోలను పరిశీలించేవాళ్లూ అదే వాడుతున్నారు. రాత్రి పూట అన్నాలయ్యాక ఫోన్ పట్టుకునే మనకు పదహారు ప్రశ్నలు ఎక్కువ. ఎవరు చెప్తున్నారు, ఎవరికి చెప్తున్నారు, ఏది వద్దంటున్నారు, ఏం అమ్ముతున్నారు. ఈ నాలుగు చాలు.

ఎవరు అంటే తెల్లకోటు కాదు. తెల్లకోటు ఎవరైనా కొనుక్కోవచ్చు. పేరు, చదువు, పనిచేసే చోటు చెప్పారా చూడండి. ఎక్సర్‌సైజులకు బీపీటీ, ఎంపీటీ చదివిన ఫిజియోథెరపిస్టు మాట కావాలి. మాట పోయినవాళ్లకు స్పీచ్ థెరపిస్టు, మందులకు న్యూరాలజీ డాక్టరు. ఊళ్లో అందరం డాక్టర్ సాబ్ అని పిలిచే ఆర్ఎంపీ ఈ మూడింటిలో దేనికీ రాడు. ఈ మధ్య కంప్యూటర్ గొంతుతో చేసినవీ పెరిగాయి. మాట్లాడే మనిషి కనిపించడు, గొంతు ఎక్కడా తడబడదు, బొమ్మలో చేతికి ఆరు వేళ్లుంటాయి. పేరున్న డాక్టర్ల ముఖాలు అతికించి మందులు అమ్మేవీ ఉన్నాయి. అనుమానం వస్తే ఆ డాక్టరు పనిచేసే దవాఖాన సొంత ఛానల్‌లో ఆ వీడియో ఉందేమో చూడండి.

ఎవరికి అన్నది మొదటి నిమిషంలోనే చెప్పాలి. 'ఊతం లేకుండా కూర్చోగలిగేవాళ్లకు ఇది' అని మొదలుపెడితే ఆ వీడియో ముందుకు చూడండి, మీ పేజీతో సరిపోల్చుకోండి. 'పక్షవాతం వచ్చిన ప్రతి ఒక్కరూ' అని మొదలుపెడితే అక్కడే ఆపేయండి.

ఏది వద్దంటున్నారు అన్నదానికి నేను అన్నిటికంటే ఎక్కువ మార్కులిస్తాను. నిజంగా పేషెంట్లకు చేయించిన మనిషి నోట 'భుజం నొప్పి ఉంటే ఇది ఆపండి', 'కళ్లు తిరిగితే కూర్చోబెట్టండి', 'ఒక మనిషి పక్కన ఉండాలి' అన్న మాటలు రాకుండా ఉండవు. పది నిమిషాల వీడియోలో ఒక్క జాగ్రత్త కూడా లేదంటే, చెప్పేవాళ్లు మీ ఇంట్లో మనిషిలాంటి మనిషిని ఎన్నడూ పట్టుకుని లేపి ఉండరు.

ఇక అమ్మకం. చివర్లో నూనె సీసా, అయస్కాంతం బెల్టు, 'కొరియర్ చేస్తాం, ఈ నంబర్‌కు వాట్సాప్ చేయండి' అని వస్తే, అంతకు ముందు చెప్పిందంతా దానికోసమే.

'లేచి నడిచాడు' వీడియోలు

ఇవి నిదానంగా చూడాలి, ఎందుకంటే ఇంట్లో అందరినీ కదిలించేవి ఇవే. నిన్న మంచంలో ఉన్నాడు, నేడు నడుస్తున్నాడు, మధ్యలో ఒక ముద్ద మందు. వీడియోలో అబద్ధం లేకపోవచ్చు కూడా. ఆ మనిషికి వచ్చినది ఏ జబ్బో మాత్రం చెప్పరు.

మూతి ఒక పక్కకు పోయి, ఆ పక్క కన్ను మూతపడక, నుదుటి మీద ముడతలు కూడా పడకుండా ఉండి, కాళ్లు చేతులు మాత్రం బాగుంటే అది చాలావరకు బెల్స్ పాల్సీ. ముఖ నరం వాపు. దాన్ని జనం 'ముఖ పక్షవాతం' అంటారు. అది వచ్చినవాళ్లలో ఎక్కువమంది కొన్ని వారాల్లో, నెలల్లో మందు లేకున్నా కోలుకుంటారు. ఆ వారాల్లో ఏ పసరు పోసినా ఆ పసరుకే పేరొస్తుంది. అయితే మూతి వంకర పోయిన రోజున అది బెల్స్ పాల్సీనా, స్ట్రోకా అని ఇంట్లో తేల్చుకోవద్దు, దవాఖానకే పోవాలి.

ఇంకొకటి మినీ స్ట్రోక్, డాక్టర్లు టీఐఏ అంటారు. చేయి పడిపోతుంది, మాట పోతుంది, గంటలోపే చాలామందికి మామూలుగా అయిపోతుంది. ఆ గంటలో ఎవరో చెవిలో చుక్కలు వేసి ఉంటారు. వీడియోలో చుక్కలే కనిపిస్తాయి. నిజానికి మినీ స్ట్రోక్ పెద్ద స్ట్రోక్‌కు ముందొచ్చే హెచ్చరిక. 'నయమైంది' అని దవాఖానకు పోకపోవడంలోనే అసలు ప్రమాదం ఉంది.

అసలు స్ట్రోక్‌లోనూ మొదటి మూడు నెలల్లో మెదడు తనంతట తాను ఎంతోకొంత కోలుకుంటుంది. ఆ రోజుల్లో తీసిన 'ముందు, తర్వాత' వీడియో ఏ మందునైనా గెలిపిస్తుంది. ఆ తర్వాత కోలుకోవడం ఆగిపోతుందని కాదు, నెమ్మదిస్తుంది. 'ఆరు నెలలు దాటితే ఇంక లాభం లేదు' అని చెప్పే వీడియోనూ నమ్మొద్దు.

ఎక్సర్‌సైజు లోపలికి వెళ్లి చూడండి

ఒక వీడియో దగ్గర నుంచి చూద్దాం. ఇలాంటివి చాలా తిరుగుతున్నాయి. దర్వాజ పైన గిలక కట్టి ఉంది. తాడు ఒక కొస పడిన చేతికి కట్టారు, ఇంకో కొస బాగున్న చేతిలో ఉంది. బాగున్న చేత్తో కిందికి లాగితే పడిన చేయి తల పైకి లేస్తుంది. చూడటానికి ముచ్చటగా ఉంటుంది, చేయి లేచింది కదా అని ఇంట్లోవాళ్లకు ధైర్యం వస్తుంది. కానీ పడిన భుజంలో కండరాలు పట్టు వదిలేసి ఉంటాయి, చేతి బరువుకే కీలు కాస్త జారి ఉంటుంది. బాగున్న చేతికి అటు నొప్పి తెలియదు, బలంగా లాగుతుంది. భుజపు చిప్ప కదలకుండా చేయి ఒక్కటే పైకి పోతే లోపల నలుగుతుంది. అమెరికన్ హార్ట్ అసోసియేషన్, అమెరికన్ స్ట్రోక్ అసోసియేషన్ 2016లో ఇచ్చిన పునరావాస మార్గదర్శకాల్లో ఇలా తల పైకి లాగే పుల్లీ ఎక్సర్‌సైజు వద్దని రాశారు. ఇది కనిపిస్తే ఆ ఛానల్‌ మొత్తాన్నే అనుమానించండి.

దీని తమ్ముడే, చంకల కింద చేతులు పెట్టి, లేదా పడిన చేయి పట్టుకుని మనిషిని మంచం మీద నుంచి లేపడం. మంచి వీడియోలో నడుము దగ్గర పట్టుకుంటారు, లేదంటే నడుముకు వెడల్పాటి బెల్టు కట్టి దాన్ని పట్టుకుంటారు. పాదాలు వెనక్కి తెచ్చి, ముందుకు వంగమని చెప్పి, అప్పుడు లేపుతారు. ఇంట్లో బెల్టు లేకపోతే తువ్వాలను గట్టిగా కట్టినా నడుస్తుంది, ముడి మాత్రం జారకుండా చూసుకోండి.

రబ్బరు బంతి పిసకడం ప్రతి వీడియోలోనూ ఉంటుంది. పక్షవాతం వచ్చిన చేతిలో రోజులు గడిచేకొద్దీ వేళ్లు లోపలికి ముడుచుకుంటాయి. మూయడం వస్తుంది, తెరవడమే రాదు. కాబట్టి వదలడం నేర్పే వీడియో వెతకండి. ఖాళీ స్టీలు గ్లాసు పట్టుకుని ముందుకు జరిపి వదలడం, తువ్వాలు మడతలు విప్పడం, గిన్నెలోంచి చింతగింజలు తీసి పక్కన పెట్టడం ఇలాంటివి. గట్టుప్పల్‌లోనో నారాయణపేటలోనో మగ్గం మీద బతికిన మనిషికైతే కండె చేతిలో పెట్టండి. వేళ్లకు ఏళ్ల తరబడి అలవాటైన పని, మనసు కూడా దాని మీద నిలుస్తుంది.

'మొదటి రోజు నుంచే నడిపించండి, ఎంత తొందరగా నడిపిస్తే అంత మంచిది' అనేది ఇంకో రకం. తొందరగా మొదలుపెట్టడం మంచిదే, కానీ దానికీ హద్దుంది. 2015లో వచ్చిన 'అవర్ట్' అనే పెద్ద పరిశోధనలో ఐదు దేశాల్లో రెండువేల మందికి పైగా పేషెంట్లను చూశారు. స్ట్రోక్ వచ్చిన 24 గంటల్లోపే ఎక్కువసార్లు, ఎక్కువసేపు లేపి కదిలించిన వాళ్లు, మామూలుగా చూసుకున్నవాళ్ల కంటే మూడు నెలల తర్వాత తక్కువగా కోలుకున్నారు. ఎప్పుడు లేపాలో వార్డులో ఉన్న డాక్టరు, ఫిజియో చెప్పాలి.

కాపడం వీడియోల దగ్గర ఆగండి. పడిన వైపు చాలామందికి స్పర్శ తగ్గి ఉంటుంది. ఇటుక కాల్చి బట్టలో చుట్టి పెడితే కాలుతున్నట్టు తెలియదు, చర్మం పొక్కిన తర్వాతే చూస్తారు. మాలిష్ వల్ల హాయిగా ఉంటుంది, చేస్తే చేయండి, దానివల్ల నడక వస్తుందని మాత్రం అనుకోవద్దు. ఒక పిక్క వాచి, వేడిగా, నొప్పిగా ఉంటే దాని మీద చేయి వేయొద్దు. లోపల రక్తం గడ్డకట్టి ఉండొచ్చు, డాక్టరుకు చూపించాలి.

తినిపించే వీడియోలకు ఒక్క పరీక్ష. మనిషిని పడుకోబెట్టి నోట్లో రసం పోస్తుంటే ఆ వీడియో మూసేయండి. నిటారుగా కూర్చోబెట్టి, చిన్న ముద్దలతో, తిన్నాక అరగంట కూర్చోబెట్టి ఉంచమని చెప్తే మంచిది. నీళ్లు తాగగానే దగ్గు వచ్చినా, గొంతు గరగరలాడినా మింగడం సరిగ్గా లేదని అర్థం. ఆ నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతే నిమోనియా వస్తుంది.

మాట పోయినవాళ్లకు 'అ అమ్మ, ఆ ఆవు' అని పిల్లల వీడియోలు పెట్టేస్తుంటారు. అరవై ఏళ్లు వ్యవసాయం చేసిన మనిషిని ఎల్‌కేజీలో కూర్చోబెట్టినట్టు ఉంటుంది, ఆయన ముఖం తిప్పుకుంటారు. మనవరాలి పేరు, ఎద్దు, మోటరు, బస్సు, జొన్నరొట్టె, ఇలా ఆయన బతుకులో ఉన్న మాటలతో మొదలుపెట్టమని చెప్పే వీడియో మంచిది. మాట రాకపోయినా చాలామందికి తెలివి మామూలుగానే ఉంటుంది. పక్కన నిలబడి 'ఏం అర్థం కాదులే' అని మాట్లాడేవాళ్లను ముందు బయటికి పంపండి.

మంచివి కూడా ఉన్నాయి. అద్దం పెట్టి చేయించేది అలాంటిదే. పడిన చేతిని అద్దం వెనక దాచి, బాగున్న చేయి కదులుతుంటే అద్దంలో చూస్తారు. పడిన చేయే కదులుతున్నట్టు కనిపిస్తుంది. మెదడు శాస్త్రవేత్త వి.ఎస్. రామచంద్రన్ 1990లలో, చేయి తీసేసినవాళ్లకు లేని చేతిలో వచ్చే నొప్పి కోసం దీన్ని వాడారు, తర్వాత స్ట్రోక్‌లోకి వచ్చింది. మిగతా ఎక్సర్‌సైజులతో కలిపి చేస్తే ఉపయోగమని చెప్పడానికి ఆధారం ఉంది, ఖర్చు ఒక అద్దం. బాగున్న చేతికి గ్లవ్ తొడిగి, పడిన చేత్తోనే పని చేయించే పద్ధతి కూడా మంచిదే, అయితే అందరికీ కాదు. 2006లో వచ్చిన పెద్ద పరిశోధనలో మణికట్టు, వేళ్లు కొంతైనా పైకి లేపగలిగినవాళ్లనే తీసుకున్నారు. ఒక్క వేలూ కదలని మనిషికి బాగున్న చేయి కూడా కట్టేస్తే ఒట్టి విసుగే.

ఇంట్లో మొదటిసారి చేయించేటప్పుడు

వీడియో ఎంత బాగున్నా ఆ గది మీది కాదు. అక్కడ గట్టి బల్ల ఉంది, మీ దగ్గర నులక మంచం ఉంది. నులక మధ్యలో కుంగుతుంది, దాని మీద కూర్చుని లేవడం బాగున్నవాళ్లకే కష్టం. చెక్క మంచం మీదో, గోడకు ఆనించిన బరువైన కుర్చీ మీదో చేయించండి. ప్లాస్టిక్ కుర్చీ వద్దు, లేచేటప్పుడు వెనక్కి జారుతుంది. ఇంటి ముందు అరుగు సరైన ఎత్తులో ఉంటే కూర్చుని లేవడానికి అంతకన్నా మంచి చోటు లేదు.

కుడి ఎడమలు చూసుకోండి. ముందు కెమెరాతో తీసిన కొన్ని వీడియోల్లో కుడి ఎడమ, ఎడమ కుడి అవుతాయి. వెనక గోడ మీది క్యాలెండర్ అక్షరాలు తిరగబడి ఉన్నాయంటే బొమ్మ తిరగబడ్డట్టే. అలా లేకపోయినా, అందులో పడింది కుడివైపు, మీ దగ్గర పడింది ఎడమవైపు కావొచ్చు. చేయించే ముందు మీరే ఒకసారి చేసి చూసుకోండి, 'పడిన వైపు', 'బాగున్న వైపు' అని అనుకుంటూ చేస్తే తికమక ఉండదు.

వీడియోలో పదిసార్లు చూపించి సరిపెడతారు. చూపించడానికి పది చాలు, మెదడు నేర్చుకోవడానికి చాలదు. అమెరికా, కెనడాలలో చేసిన ఒక పరిశీలనలో, థెరపీ సెషన్‌లో కూడా పడిన చేతికి పనికొచ్చే కదలికలు సగటున 32 సార్లే దక్కాయని 2009లో తేలింది, అది కూడా తక్కువేనని అప్పటి నుంచి చర్చ. పొద్దున కొన్ని, మధ్యాహ్నం కొన్ని, సాయంత్రం కొన్ని అని విడగొట్టి, మనిషి ఓపికను బట్టి పెంచుకుంటూ పోండి. ఊపిరి బిగబట్టనివ్వొద్దు, పైకి లెక్కపెట్టిస్తే ఊపిరి ఆడుతూ ఉంటుంది. బీపీ ఎంత దాటితే ఆపాలో మీ డాక్టరును అడిగి ఆ అంకె పేజీలో రాసుకోండి. ఛాతీలో నొప్పి, గట్టి తలనొప్పి, కొత్తగా ఎక్కడైనా బలం తగ్గడం కనిపిస్తే ఎక్సర్‌సైజు ఆపి 108.

మీ వీడియో మీరే తీసుకోండి

ఇంతసేపు చెప్పినదాంట్లో ఒక్కటే చేయగలిగితే ఇది చేయండి. రివ్యూకి నిమ్స్‌కో, బీబీనగర్ ఎయిమ్స్‌కో, నల్లగొండ, మహబూబ్‌నగర్ సర్కారు జనరల్ దవాఖానకో వెళ్లినప్పుడు ఓపీ చీటీ రాసే దగ్గరే ఫిజియోథెరపీ ఎక్కడని అడగండి. మీ పేజీ చూపించండి, మీకు నచ్చిన రెండు వీడియోలు చూపించండి, 'సార్, ఇందులో మా నాయినకు ఏది సరిపోతది' అని అడగండి. ఇరవై వీడియోలు చూపించొద్దు, ఆయన వెనక లైను ఉంటుంది. తర్వాత, 'మా నాయినతోనే ఒక్కసారి చేయించండి, ఫోన్‌లో తీసుకుంటం' అని అడిగి, ఒప్పుకుంటేనే తీయండి. ఫోన్ అడ్డంగా పట్టుకుని, మనిషి తల నుంచి పాదాల దాకా కనిపించేలా పక్క నుంచి తీయాలి. చేయించే మనిషి చేతులు ఎక్కడ పెట్టారో కనిపించడం ముఖ్యం. ఎన్నిసార్లు, ఎప్పుడు ఆపాలి అన్నది ఆయన నోటితోనే చెప్పించి రికార్డు చేయండి.

ఆ రెండు నిమిషాల ముక్క ముందు యూట్యూబ్ లక్షల వ్యూస్ దేనికీ పనికిరావు. మనిషి మీ మనిషే, పడిన వైపు అదే, వారం అదే. పొలానికి పోయే కొడుకు, ఇంట్లో ఉండే కోడలు, సెలవులకొచ్చే మనవడు అందరూ ఒకే తీరుగా చేయిస్తారు.

ఫిజియో దగ్గరికి మాత్రం పోవడం మానొద్దు. మన దేశంలోనే 14 చోట్ల 1250 మందితో 'అటెండ్' అనే పరిశోధన చేసి 2017లో ఫలితాలు ఇచ్చారు. కుటుంబ సభ్యులకు నేర్పించి ఇంట్లోనే చేయించారు. మామూలు వైద్యం అందినవాళ్లకూ వీళ్లకూ ఆరు నెలల తర్వాత తేడా కనిపించలేదు. ఇంట్లోవాళ్ల కష్టం వృథా అని దీనర్థం అనుకోను. ఒకసారి నేర్పి వదిలేస్తే సరిపోదని మాత్రం అనుకుంటాను, మధ్యమధ్యలో చూసి మార్చేవాళ్లు ఉండాలి.

ఫ్యామిలీ గ్రూపులో

గ్రూపులో రోజుకో వీడియో పెట్టే మేనబావతో గొడవ పడొద్దు. 'ఫిజియో సార్‌కు చూపించి చెప్తం బావా' అనండి, నిజంగానే ఒకటి రెండు చూపించండి. పుణెలో ఉన్న తమ్ముడు ఏమీ చేయలేకపోతున్నానన్న బాధతో పంపుతుంటాడు. మీరు తీసిన వీడియోనే అతనికి పంపి, రోజూ సాయంత్రం వీడియో కాల్‌లో లెక్కపెట్టే పని అప్పగించండి. నాయిన కూడా కొడుకు చూస్తున్నాడని ఇంకో రెండుసార్లు ఎక్కువ లేస్తారు. ఎడమ పక్క ధ్యాస లేని మనిషైతే ఫోన్ కుడివైపు పెట్టి మొదలుపెట్టండి, మాటల్లో పడ్డాక కొంచెం కొంచెంగా ఎడమకు జరపండి.

ఒక్క విషయంలో మాత్రం మొహమాటం వద్దు. 'బీపీ గోలీలు ఆపేసి ఇది తాగండి' అనే వీడియో ఎవరు పంపినా గ్రూపులోంచి తీసేయించండి. బీపీ పెరిగితే రెండో స్ట్రోక్ వచ్చే ప్రమాదం కూడా పెరుగుతుంది. గోలీలు అయిపోతే ఊరి దగ్గరి పీహెచ్‌సీలో, పల్లె దవాఖానలో అడగండి.

మీరు తీసుకున్న వీడియో పేరులో తేదీ పెట్టండి. రివ్యూకి వెళ్లినప్పుడల్లా ఆ పేజీలోని ప్రశ్నలన్నీ మళ్లీ మొదటి నుంచి వేసుకుని కొత్త జవాబులు రాయండి. అప్పుడు ఊతం లేకుండా కూర్చోలేని మనిషి ఇప్పుడు నిలబడుతుంటే పాత వీడియో పనికిరాదు. కొత్తది తీసుకుని పాతది అందరి ఫోన్లలోంచి డిలీట్ చేయించండి, లేకపోతే కోడలు ఒకటి చేయిస్తుంటుంది, మనవడు ఇంకొకటి చేయిస్తుంటాడు.